పెట్టుకున్న లక్ష్యం ప్రతిసారీ రెండు వారాలకే ఎందుకు నీరుగారిపోతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ప్రతి కొత్త ఏడాదికో, పుట్టినరోజుకో గట్టిగా నాలుగైదు లక్ష్యాలు రాసుకుంటున్నారు. పొద్దున్నే లేవడం, వ్యాయామం, ఒక కొత్త కోర్సు, రోజూ కాస్త చదవడం, కోపం తగ్గించుకోవడం. రెండు వారాలు బ్రహ్మాండంగా సాగుతుంది. తర్వాత ఏదో ఒక రోజు తప్పుతుంది, అక్కడితో అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఇంట్లోవాళ్లు ‘ఆరంభశూరత్వం’ అంటున్నారు, ఇప్పుడు మీకే మీ మీద నమ్మకం సడలింది. మనసు కుంగకుండా, మోటివేషన్ తగ్గకుండా ఉండాలంటే లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలి, సగంలో వదిలేసిన పాతవాటిని ఏం చేయాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: లక్ష్యాన్ని మీ చెడ్డ రోజును బట్టి పెట్టుకోండి. నిద్ర చాలని రోజు, ఒంట్లో బాగోలేని రోజు, ఎవరితోనో మాటామాటా పెరిగి మనసు పాడైన రోజు కూడా చేయగలిగినంత చిన్న పని ఒకటి అందులో ఉండాలి. అది చేశాక కాగితం మీద ఒక గుర్తు పడాలి. ఒక రోజు తప్పితే మర్నాడు ఏం చేయాలో ముందే రాసి ఉండాలి. ఈ మూడూ ఉన్నవాళ్లకు ఉత్సాహం వస్తూ పోతూ ఉంటుంది, పని మాత్రం నడుస్తూ ఉంటుంది. ఉత్సాహం వచ్చాక పని మొదలుపెడదామనుకునేవాళ్లు దాదాపు ఎప్పుడూ ఎదురుచూస్తూనే ఉంటారు.

నేను 18 ఏళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఆరంభశూరత్వం అనే మాట నా దగ్గరికి వచ్చేవాళ్ల నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ మాటను నేను ఒప్పుకోను. ఎందుకో ఒకావిడ సంగతి చెబితే మీకు తెలుస్తుంది. ఆనవాళ్లు మార్చి చెబుతున్నాను.

ఆవిడ నర్సు. పై చదువుకు ప్రవేశ పరీక్ష రాయాలని కోరిక. మొదటిసారి వచ్చినప్పుడు సంచీలోంచి ఐదు డైరీలు తీసి నా బల్ల మీద ఒకదాని మీద ఒకటి పేర్చింది. “ఐదేళ్ల సిగ్గు మేడమ్ ఇది, మీరే చూడండి” అంది. ఒక్కొక్కటే తెరిచాం. ప్రతి డైరీలో మొదటి పేజీ ఎర్ర ఇంకుతో, కింద స్కేలు పెట్టి గీసిన రెండు గీతలతో ఉంది. పొద్దున నాలుగున్నర నుంచి రాత్రి పదింటి దాకా గంట గంటకీ గడులు. మొదటి పేజీల్లో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పదో పేజీ దగ్గరికి వచ్చేసరికి వాలిపోవడం మొదలైంది. ఒక డైరీ పదిహేడో పేజీ దగ్గర, ఇంకొకటి పన్నెండో పేజీ దగ్గర, మరొకటి ఇరవై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయింది. ఒకదాంట్లోనైతే చివరి వాక్యం సగంలో ఉంది. ఆ తర్వాత అన్నీ తెల్లకాగితాలే.

నేను ఆవిడను అడిగింది ఒక్కటే: “ఈ చివరి పేజీ రాసిన రోజు ఇంట్లో, డ్యూటీలో ఏం జరిగిందో గుర్తుందా?” చాలాసేపు ఆలోచించి ఒక్కొక్కటే చెప్పింది. ఒకసారి పాపకు జ్వరం. ఒకసారి మనిషి తక్కువై నైట్ షిఫ్టు తెల్లారి పదింటి దాకా లాగారు. ఒకసారి అత్తగారిని ఆస్పత్రిలో చేర్చారు. ఒకసారి తనకే తలనొప్పి, రెండు రోజులు లేవలేకపోయింది. ఐదోది గుర్తు రాలేదు. ఆ టైంటేబుల్‌లో నాలుగున్నర లేవడానికి గడి ఉంది, ఆరింటికి నడకకి గడి ఉంది. జ్వరానికి గడి లేదు. ఐదు డైరీలు తిరగేసినా ఆవిడ బద్ధకం నాకు ఎక్కడా దొరకలేదు. ఎంత చిన్న కుదుపు వచ్చినా విరిగిపోయే ప్లాన్ మాత్రం ఐదుసార్లు దొరికింది.

మీ రెండు వారాల సంగతి కూడా ఇదే అయి ఉంటుందని నా అనుమానం. లక్ష్యాలు రాసుకునే రోజు మనం మామూలుగా ఉండం. సెలవు రోజో, పండగ వాతావరణమో, ఎవరిదో ప్రసంగం విన్న ఊపో ఉంటుంది. ఆ రోజు మనకున్న ఓపికను చూసుకుని, రాబోయే 365 రోజులకూ అదే ఓపిక ఉంటుందని లెక్క కడతాం. రెండు వారాల్లో ఎవరి జీవితంలోనైనా ఒక చెడ్డ రోజు వచ్చే తీరుతుంది. ఆ రోజుకి పనికొచ్చేది ఆ కాగితం మీద ఏమీ ఉండదు.

ఆవిడతో కలిసి ఏం చేశామో చెబుతాను. కొత్త డైరీ వద్దన్నాను. ఒక్క తెల్లకాగితం తీసుకుని నెలకి సరిపడా గళ్లు గీశాం. చెడ్డ రోజు పని ఏమిటో తేల్చాం: డ్యూటీ నుంచి వచ్చి బ్యాగు కింద పెట్టగానే, బట్టలు మార్చుకోకముందే, పుస్తకం తెరిచి ఒక్క ప్రశ్న చదివి జవాబు రాయడం. నిలబడి రాసినా సరే. ఆవిడ వెంటనే ఎదురు తిరిగింది: “రోజుకో ప్రశ్నతో ఏ పరీక్ష పాసవుతాను మేడమ్?” న్యాయమైన ప్రశ్నే. పాసవ్వడానికి మంచి రోజుల్లో చేసే నలభై ప్రశ్నలు ఉన్నాయి. ఈ ఒక్కటీ దారం తెగకుండా ఉండటానికి. దారం తెగితే మళ్లీ ముడి వేయడానికి ఆవిడకు ప్రతిసారీ ఏడాది పట్టింది, డైరీలే సాక్ష్యం.

మొదటి నెల కాగితం మీద 26 గుర్తులు పడ్డాయి. అందులో తొమ్మిది రోజులు ఒక్క ప్రశ్నతోనే సరిపెట్టింది. ఆ తొమ్మిదే నాకు ముఖ్యం అనిపించాయి, ఎందుకంటే పాత పద్ధతిలో అయితే వాటిలో మొదటి రోజే డైరీ మూతపడేది. ఆ ఏడాది ఆవిడకు సీటు రాలేదు. తర్వాతి ఏడాది వచ్చింది, మొదట కోరుకున్న విభాగంలో మాత్రం కాదు. ఆరో డైరీ అయితే కొనలేదు.

ఇక్కడ మీకో సందేహం రావాలి. లక్ష్యం పెద్దదిగా, కష్టంగా ఉంటేనే మనిషి ఎదుగుతాడని చెబుతారు కదా అని. ఆ మాటకు ఆధారం ఉంది. ఎడ్విన్ లాక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1968లో ఈ విషయం మీద ఒక వ్యాసం రాశారు. తర్వాత గ్యారీ లేథమ్‌తో కలిసి కొన్ని దశాబ్దాలు ఇదే పని చేశారు. ‘చేతనైనంత చేయి’ అని చెప్పిన వాళ్లకన్నా, స్పష్టమైన, కాస్త కష్టమైన లక్ష్యం ఇచ్చినవాళ్లు ఎక్కువ సాధిస్తారని వాళ్ల పరిశోధన తేల్చింది. అయితే ఈ సగమే బాగా ప్రచారంలోకి వచ్చింది. మిగతా సగం కూడా వాళ్లే చెప్పారు: ఆ లక్ష్యాన్ని మనిషి మనసారా ఒప్పుకుని ఉండాలి, దానికి తగిన సామర్థ్యం ఉండాలి, ఎంత దూరం వచ్చాడో ఎప్పటికప్పుడు తెలుస్తూ ఉండాలి. పని బొత్తిగా కొత్తదీ చిక్కైనదీ అయితే, ఫలితం మీద టార్గెట్ పెట్టేకన్నా ‘ఈ పని చేసే మూడు పద్ధతులు నేర్చుకుంటాను’ లాంటి నేర్చుకునే లక్ష్యమే మేలని కూడా అన్నారు. ఐదుసార్లు పడిపోయి, తన మీద తనకే నమ్మకం లేని మనిషి దగ్గర ఆ మొదటి షరతే ఉండదు. అందుకని నేను చేసేది ఇది: గమ్యం పెద్దదిగానే ఉండనిస్తాను, రోజువారీ కనీస పనిని మాత్రం బాగా చిన్నది చేస్తాను. మీ కోర్సు పూర్తి చేయాలనే కోరికను తగ్గించుకోమని నేను అనడం లేదు.

‘స్మార్ట్’ గోల్స్ గురించి మీరు వినే ఉంటారు. ఆ ఇంగ్లీషు మాటలో ఒక్కో అక్షరం లక్ష్యానికి ఉండాల్సిన ఒక్కో గుణానికి గుర్తు. 1981లో జార్జ్ డోరన్ అనే ఆయన ఒక మేనేజ్‌మెంట్ పత్రికలో రాసిన చిన్న వ్యాసంతో ఆ పేరు వ్యాపించింది. ఆయన రాసింది కంపెనీల్లో మేనేజర్ల కోసం. అందులో ఒక అక్షరానికి అర్థం ‘ఈ పని ఎవరికి అప్పగించాలి’ అని. సొంత జీవితానికి వాడుకునేటప్పుడు దాన్ని రకరకాలుగా మార్చుకున్నారు. స్పష్టత, కొలత, గడువు, ఈ మూడూ పనికొచ్చేవే, తీసుకోండి. కానీ చెడ్డ రోజు సంగతి అందులో లేదు.

ఫలితాన్నీ పనినీ విడదీయండి. దీని గురించి నా సొంత అనుభవం చెబుతాను. కొన్నేళ్ల కిందట నా కుడికాలు విరిగింది. ప్లాస్టర్ తీశాక ‘రెండు నెలల్లో మునుపటిలా నడవాలి’ అని లక్ష్యం పెట్టుకున్నాను. గడువు ఉంది, కొలత ఉంది. అయినా ప్రతి సాయంత్రం ఏడుపు వచ్చేది, ఎందుకంటే ప్రతి సాయంత్రం నేను ‘మునుపటిలా’ నడవడం లేదు. అరవై రోజుల లక్ష్యంలో యాభై తొమ్మిది రోజులు ఓడిపోయినట్టే లెక్క. ఫిజియోథెరపిస్టు ఆ లక్ష్యాన్ని పక్కన పెట్టించారు. నా మంచం నుంచి కిటికీకి పద్నాలుగు అడుగులు. మొదటి రోజు ఐదో అడుగు దగ్గర కుర్చీ పట్టుకుని ఆగిపోయాను. ఆవిడ ఆ కుర్చీ కాలు ఉన్నచోట నేల మీద సుద్దముక్కతో చిన్న గీత గీసి, “రేపు ఈ గీత మనకు వెనకాల ఉండాలి” అన్నారు. మర్నాడు గీత దాటి అర అడుగు వేశాను. అంతే, అర అడుగు. ఆ రాత్రి నాకు పట్టిన నిద్ర ఇప్పటికీ గుర్తుంది. కాలు విరగక ముందు కూడా ఇతరులకు ఈ మాటలు చెప్పేదాన్ని. ఆ సుద్దగీత చూశాకే అవి నాకు నిజంగా అర్థమయ్యాయి.

బరువు ఎంత తగ్గాలి, ఎన్ని మార్కులు రావాలి, ప్రమోషన్ ఎప్పుడు రావాలి, ఇవన్నీ ఫలితాలు. వాటిలో సగం మన చేతిలో ఉండవు. వాటిని కాగితం పైన ఒక మూల రాసుకోండి, రోజూ గుర్తు పెట్టేది మాత్రం మీ చేతిలో ఉన్న పనికే. మంచి మూడ్ ఎక్కడి నుంచి వస్తుందో తెరెసా అమబైల్, స్టీవెన్ క్రేమర్ అనే పరిశోధకులు పెద్ద ఎత్తున పరిశీలించారు. ఏడు కంపెనీల్లో 238 మంది ఉద్యోగులు రాసిన దాదాపు 12,000 రోజువారీ డైరీ నోట్లు చదివారు. తమకు విలువైనదనిపించిన పనిలో కొంచెమైనా ముందుకు కదలడమే మనసు బాగున్న రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది. నా సుద్దగీత అలాంటిదే.

ఇప్పుడు ‘పాజిటివ్‌గా ఉండటం’ గురించి. ఇక్కడ చాలామంది దారి తప్పుతారు. గెలిచినట్టు కళ్లు మూసుకుని ఊహించుకోండి, అదే మిమ్మల్ని అక్కడికి చేరుస్తుంది అని చెప్పేవాళ్లు ఎక్కువ. గేబ్రియెల్ ఎటింగెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని ఏళ్ల తరబడి పరీక్షించారు. డోరిస్ మేయర్‌తో కలిసి 2002లో ప్రచురించిన పనిలో, చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్న వాళ్లను రెండేళ్ల తర్వాత మళ్లీ కలిశారు. మంచి ఉద్యోగం వచ్చేసినట్టు ఎక్కువగా కలలు కన్నవాళ్లు తక్కువ దరఖాస్తులు పంపారు, వాళ్లకు ఆఫర్లూ జీతాలూ తక్కువే వచ్చాయి. ‘నాకు వస్తుంది’ అని నమ్మకం ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకు మేలే జరిగింది. నమ్మకానికీ పగటికలకీ తేడా ఉంది. కలలో మనసుకు ఫలితం ముందే అందిపోతుంది, ఇక కష్టపడటానికి ఒళ్లు వంగదు. ఎటింగెన్ చెప్పిన ఉపాయం ఏమిటంటే, కోరుకున్నది ఊహించుకున్న వెంటనే దానికి అడ్డుపడేది నాలో ఏముంది అని అడగాలి. బయటి అడ్డంకి కన్నా ముందు లోపలిది చూడాలి. రాత్రి ఫోన్ వదలలేకపోవడమో, తప్పు చేస్తానేమో అన్న భయమో. అది కాగితం మీద రాస్తే చాలావరకు ప్లాన్ దానంతట అదే తయారవుతుంది.

ఆ ప్లాన్ ఎలా ఉండాలో పీటర్ గాల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త చూపించారు. ‘ఫలానాది జరిగినప్పుడు ఫలానా పని చేస్తాను’ అనే ఒక్క వాక్యం. ఈ పద్ధతి మీద జరిగిన 94 పరీక్షలను 2006లో పాస్కల్ షీరన్‌తో కలిసి ఒకచోట చేర్చి చూశారు. ఉట్టి సంకల్పం కన్నా ఇలా చోటూ వేళా కట్టిన సంకల్పం చెప్పుకోదగ్గంత ఎక్కువగా నెరవేరిందని తేలింది. ‘రోజూ చదువుతాను’ అనకుండా ‘రాత్రి పళ్లు తోముకుని వచ్చాక మంచం పక్కనున్న పుస్తకం తెరిచి రెండు పేజీలు చదువుతాను’ అనండి. పళ్లు తోముకోవడం మీరు మానరు. దానికి పుస్తకాన్ని కట్టేశారు. గోడగడియారంలో టైము కన్నా రోజూ జరిగే పనికి కట్టుకోవడం నయం. షిఫ్టులు మారేవాళ్లకు మరీను.

మీ జాబితాలో ‘కోపం తగ్గించుకోవాలి’ అని ఉంది. ఏదో ఒకటి మానేయాలి, తగ్గించాలి అనే లక్ష్యానికి గుర్తు పెట్టుకోవడానికి ఏమీ ఉండదు. రోజంతా కోప్పడకుండా ఉంటే దేనికి గుర్తు పెడతారు? స్వీడన్‌లో 1,066 మంది కొత్త సంవత్సరం తీర్మానాలను ఏడాది పాటు గమనించిన ఒక అధ్యయనం 2020లో వచ్చింది. ఏదైనా చేయాలని తీర్మానించుకున్నవాళ్లలో సుమారు 59 శాతం మంది, మానేయాలని తీర్మానించుకున్నవాళ్లలో సుమారు 47 శాతం మంది ఏడాది తర్వాత నెగ్గామని చెప్పారు. కాబట్టి దాన్ని తిప్పి రాయండి: ‘గొంతు పెరుగుతోందని తెలియగానే జవాబు చెప్పకుండా లేచి వెళ్లి ఒక గ్లాసు నీళ్లు తాగి వస్తాను.’ ఇది చేసే పని. రాత్రి పడుకునే ముందు ఇవాళ రెండు గ్లాసులు అని లెక్క పెట్టుకోవచ్చు.

ఇక అసలు గండం, తప్పిన రోజు. తెలుగులో ఒక సామెత ఉంది, నిండా మునిగినవాడికి చలేమిటి అని. ఒక రోజు తప్పగానే మన మనసు చేసేది అదే. జానెట్ పోలివి, పీటర్ హెర్మన్ అనే ఇద్దరు పరిశోధకులు తిండి తగ్గించుకోవాలనుకునేవాళ్లలో దీన్ని గమనించారు. నియమం కొంచెం తప్పిందని అనిపించగానే, ‘ఎలాగూ పోయింది’ అని నియమం లేనివాళ్లకన్నా ఎక్కువ తినేస్తారు. నష్టం చేసేది మొదటి ముద్ద కన్నా, దాని తర్వాత వచ్చే ‘ఎలాగూ’.

ఒక రోజు తప్పితే నిజంగా ఎంత నష్టం? లండన్ విశ్వవిద్యాలయ కళాశాలలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు గమనించింది. 2009లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, ఒక చిన్న పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి పట్టే కాలం మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంటుందని అంచనా, మధ్య విలువ 66 రోజులు. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మీరు తప్పకుండా వినే ఉండే ‘21 రోజుల్లో అలవాటు’ అన్న మాట 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ పుస్తకం నుంచి వచ్చింది. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి మనిషి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. ఆ ‘కనీసం’ కాలక్రమంలో రాలిపోయింది. ఇరవై రెండో రోజు కూడా కష్టంగానే ఉందని తమను తాము తిట్టుకున్న ఎంతోమందిని చూశాను. ఆ తిట్లు ఆపగలిగితే చాలు, సగం బరువు దిగుతుంది.

తిట్టుకోవడం గురించి ఇంకో మాట. ‘నన్ను నేను క్షమించుకుంటే ఇంకా బద్ధకస్తుణ్ని అయిపోతాను’ అని భయపడేవాళ్లు చాలామంది. 2010లో కెనడాలో మొదటి సంవత్సరం విద్యార్థులు 119 మందితో మైకేల్ వోల్, మరో ఇద్దరు చేసిన పని దీనికి జవాబిస్తుంది. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. నా అనుభవం కూడా ఇదే. కసిగా తిట్టుకున్నవాళ్లు ఆ కాగితం వైపు చూడటానికే వెనకాడతారు, చూడని కాగితం మీద గుర్తు ఎలా పడుతుంది? అందుకే ప్లాన్ రాసే రోజే అడుగున ఈ వాక్యం కూడా రాయిస్తాను: ‘ఒక రోజు తప్పితే, మర్నాడు చెడ్డ రోజు పని మాత్రమే చేస్తాను, బాకీ తీర్చను.’ బాకీ తీర్చాలని కూర్చుంటే ఒక్క రోజు పని రెండు రోజులదవుతుంది, అది చేయలేక మూడు రోజులదవుతుంది. అప్పు చేసినట్టే పెరుగుతుంది.

కాగితం ఎందుకు, ఫోన్‌లో యాప్ చాలదా అంటారు. యాప్ అయినా ఫర్వాలేదు, కానీ కళ్ల ముందు ఉండాలి. పురోగతిని గమనించుకోవడం మీద వచ్చిన 138 అధ్యయనాలను 2016లో బెంజమిన్ హార్కిన్ బృందం పరిశీలించింది. గమనించుకోవడం సాయపడుతుందనీ, దాన్ని ఎక్కడైనా నమోదు చేస్తే మరింత సాయపడుతుందనీ తేల్చింది. ఇదే సందర్భంలో ఒక అబద్ధాన్ని కూడా సరిచేయాలి. ‘1953లో యేల్ విశ్వవిద్యాలయంలో లక్ష్యాలు రాసుకున్న 3 శాతం మంది, ఇరవై ఏళ్ల తర్వాత మిగతా 97 శాతం మంది కన్నా ఎక్కువ సంపాదించారు’ అనే కథ ఎన్నో వేదికల మీద వినిపిస్తుంది. అలాంటి అధ్యయనం జరగనే లేదు. రాసుకున్నంత మాత్రాన జరిగిపోతుందని నమ్మి మోసపోకండి.

నాలుగైదు లక్ష్యాలు ఒకేసారి వద్దు. ఒకటి తీసుకోండి, అది మీ రోజులో కలిసిపోయాక రెండోది. ఏది ముందు అని అడిగితే, సరిగా నిద్ర పట్టనివాళ్లకు నిద్రే ముందు అంటాను, లేదంటే మీకు ఇష్టమైనదే.

ఇష్టం అన్నాను కదా, అదీ చూసుకోండి. ఆ లక్ష్యం ఎవరిది? ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయన్ అనే ఇద్దరు 1980ల నుంచి చెబుతున్నది ఏమిటంటే, ఒత్తిడి వల్లో, నలుగురి మెప్పు కోసమో చేసే పని ఎక్కువ కాలం నిలవదు, తనకు విలువైనదనిపించి చేసే పని నిలుస్తుంది. ఒక కుర్రాడు నా దగ్గరికి మూడు నెలలు వచ్చాడు. ఎన్ని చిన్న పనులుగా విడగొట్టినా అతని కాగితం ఖాళీగానే ఉండేది. చివరికి ఒకరోజు “ఈ పరీక్ష పాసైన రోజు మొదట ఎవరికి ఫోన్ చేస్తావు?” అని అడిగాను. “మా అన్నయ్యకి. అప్పుడైనా వాడు నన్ను వదిలేస్తాడు” అన్నాడు. ఆ రోజు నుంచి మేం పరీక్ష గురించి మాట్లాడలేదు, అన్నతో ఎలా మాట్లాడాలో మాట్లాడుకున్నాం. మీ జాబితాలో ఒక్కొక్క దాని పక్కనా ఇదే ప్రశ్న రాసుకుని జవాబు చూసుకోండి.

ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, ఇంతకుముందు ఇష్టంగా చేసినవేవీ ఇష్టం లేకపోవడం, నిద్రా ఆకలీ మారిపోవడం, ఎందుకూ పనికిరానన్న భావన, ఇవి కనిపిస్తుంటే అది లక్ష్యాలతో సరిచేసుకునే విషయం కాదు. డాక్టరుకు చూపించాలి. బతకడం దండగ అనే ఆలోచన వస్తుంటే ఇవాళే మీ మనుషుల్లో ఒకరికి చెప్పండి, ఇవాళే వైద్యసాయం తీసుకోండి. డిప్రెషన్‌కు మంచి చికిత్సలు ఉన్నాయి. మోటివేషన్ లేదు అంటూ నా దగ్గరికి వచ్చి, నేను డాక్టరు దగ్గరికి పంపినవాళ్లు తక్కువేమీ కాదు. వాళ్లలో కొందరు నెలల తరబడి తమను సోమరులని తిట్టుకుంటూ కూర్చున్నారు.

చివరగా, సగంలో వదిలేసిన పాత లక్ష్యాలు. అవి అలా లెక్క తేలకుండా పడి ఉన్నంతకాలం మనసుని నొక్కుతూనే ఉంటాయి. అందరూ చెప్పే ‘ఎప్పటికీ వదలొద్దు’ అన్న మాట నేను చెప్పను. కార్‌స్టెన్ రోష్, ఆయన తోటి పరిశోధకులు 2003లో చూపించినదాని ప్రకారం, అందని లక్ష్యాన్ని వదిలి కొత్తదాన్ని పట్టుకోగలిగినవాళ్ల మనసు మెరుగ్గా ఉంటుంది. కాబట్టి ఒక గంట తీరిక చేసుకుని పాత జాబితాలన్నీ ముందేసుకోండి. ఒక్కొక్కటీ చదివి, ఇవాళ ఇది కొత్తగా నా ముందుకొస్తే తీసుకుంటానా అని అడగండి. తీసుకోను అనిపించినదాన్ని గీత కొట్టి, పక్కన తేదీ వేసి, ఎందుకు వదిలేశారో ఒక ముక్క రాయండి. ‘అప్పట్లో కావాలనిపించింది, ఇప్పుడు అక్కర్లేదు’ అన్నా చాలు. తీసుకుంటాను అనిపించినవాటిలోంచి ఒక్కటి ఎంచుకుని దానికి చెడ్డ రోజు పని ఏమిటో తేల్చండి. మిగిలినవి ఒక కవరులో పెట్టి మూడు నెలల తర్వాతి తేదీ రాసి దాచండి. ఆ నర్సు తన ఐదు డైరీలతో ఇదే చేసింది. వాటిలోంచి ఇరవై మూడు లక్ష్యాలు బయటికి వచ్చాయి, పందొమ్మిదింటికి గీత పడింది. గీతలు కొడుతున్నప్పుడు ఏడుస్తుందేమో అనుకున్నాను, నవ్వింది.

రేపటి పనికి కావలసిన వస్తువు, పుస్తకమైనా బూట్లయినా, ఇవాళ పడుకునేలోపే చేతికందే చోట పెట్టుకోండి. నెల రోజుల తర్వాత వీలైతే ఇక్కడే నాకు రాయండి. ఎన్ని గుర్తులు పడ్డాయన్నది రాయకపోయినా ఫర్వాలేదు. మొదటిసారి తప్పిన రోజు ఏ తేదీ, దాని మర్నాడు ఏం చేశారు, ఈ రెండూ రాయండి. అక్కడి నుంచి మాట్లాడుకుందాం.